ఒట్టేస్తే సరా... లెక్క చెప్పొద్దూ!

మా చిత్తూరు వైపు ఎంత పెద్ద తగాదా అయినా చివరికి ఒక్క మాట దగ్గరికి వచ్చి ఆగుతుంది. 'అయితే కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?'

అప్పు తీర్చేశానని ఒకరు, తీర్చలేదని ఇంకొకరు. పొలం గట్టు జరిపాడని ఒకరు, జరపలేదని మరొకరు. ఆ మాట వినపడగానే రెండు గొంతులూ తగ్గుతాయి. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వయంభూ వినాయకుడి ఎదుట నిలబడి అబద్ధం చెప్పడానికి ఎవరికైనా గుండె జంకుతుంది. గుడి దాకా పోకుండా సగం తగాదాలు దారిలోనే తేలిపోతాయని మా పెద్దవాళ్లు చెబుతారు. రాజకీయ నాయకులు సైతం 'దమ్ముంటే కాణిపాకం రా' అని సవాళ్లు విసురుకోవడం పేపరు చదివేవాళ్లకు కొత్తేమీ కాదు.

ఆ గుడికి నాలుగడుగుల దూరంలో పెరిగినవాణ్ని. ఒట్టంటే నాకు భయమూ ఉంది, గౌరవమూ ఉంది. అయితే ఒట్టు ఎంతవరకు పనిచేస్తుంది, అది పనిచేయని చోట నిజం ఎలా తెలుసుకోవాలి అన్న ఆలోచన నాలో పుట్టించింది మాత్రం గుడి కాదు... ఎక్కడో ఫ్రాన్స్‌లో జరిగే సైకిల్ పందెం!

ఏడుసార్లు గెలిచినవాడి మాట

2012 అక్టోబరు. నేను జర్నలిజం డిప్లొమా చదువుతున్న రోజులు. ఆ నెల 10న అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. ఆధారాలతో కలిపి వెయ్యి పేజీల పైమాటే. 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు 'టూర్ డి ఫ్రాన్స్' గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉత్ప్రేరకాలు వాడాడని దాని సారాంశం. ఇరవై ఆరుగురు సాక్షులు. వాళ్లలో పదిహేను మంది సైక్లిస్టులే. క్యాన్సర్‌ని జయించి వచ్చి ప్రపంచాన్ని గెలిచిన మనిషని అప్పటిదాకా లోకమంతా నెత్తిన పెట్టుకుంది. ఆ వార్తని తెలుగులో రాయమని మాస్టారు క్లాసులో అందరికీ ఇచ్చారు.

నన్ను ఆపేసింది డోపింగ్ కాదు. 2005 నవంబరు నాటి ఒక సంగతి. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు రావాల్సిన బోనస్ సొమ్ము మీద, దానికి పూచీ పడ్డ కంపెనీతో తగవు వచ్చింది. ఆ కేసులో అతను 'నేను ఎప్పుడూ వాడలేదు' అని ప్రమాణం చేసి మరీ వాంగ్మూలం ఇచ్చాడు. కంపెనీ డబ్బు కట్టింది. 2013 జనవరిలో అదే మనిషి టీవీలో ఓప్రా విన్‌ఫ్రే ఎదుట కూర్చుని, వాడానని ఒప్పుకున్నాడు. 2015లో ఆ కంపెనీకి కోటి డాలర్లు కట్టమని మధ్యవర్తులు తీర్పు చెప్పారు.

అంటే ఒట్టుకూ నిజానికీ మధ్య ఏడేళ్లు! మరి ఆ ఏడేళ్లూ లోకం దేన్ని చూసి నమ్మాలి? దేన్ని చూసి అనుమానించాలి?

ఆ ప్రశ్నకు జవాబు వెతికితే తెలిసిందేమిటంటే, ఆ పందేల్లో చాలా ఏళ్లుగా కొందరు రోడ్డు పక్కన స్టాప్‌వాచీ, చేతిలో లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లు ఎవరి చేతా ఒట్టు వేయించలేదు. కొండ ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం రాసుకున్నారు.

సగటు చెప్పే సగం నిజం

సైకిల్ పందెంలో లెక్కలేముంటాయి, ముందొచ్చినవాడు గెలుస్తాడు... అంతే కదా అనిపిస్తుంది. కానీ టూర్ డి ఫ్రాన్స్ పుట్టిందే అంకెలతో. 1903లో 'లాటో' అనే పత్రిక సర్క్యులేషన్ పెంచుకోవడానికి ఈ పందెం పెట్టింది. ఆరు దశలు, 2,428 కిలోమీటర్లు. అరవై మంది బయల్దేరితే చివరికి మిగిలింది ఇరవై ఒక్క మంది. గెలిచిన మోరిస్ గారిన్‌కూ, రెండోవాడికీ తేడా దాదాపు మూడు గంటలు! 1989కి వచ్చేసరికి 3,285 కిలోమీటర్లు తొక్కాక గ్రెగ్ లెమాండ్, లారెంట్ ఫిన్యోన్‌ల మధ్య తేడా ఎనిమిది సెకన్లు. మీరు ఈ వాక్యం చదివేలోపు ఆ ఎనిమిది సెకన్లూ అయిపోతాయి.

గారిన్ సగటు వేగం గంటకు 26 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 2005లో ఆర్మ్‌స్ట్రాంగ్‌ది 41.6 దాటింది. 2022లో గెలిచిన యోనాస్ వింగెగార్డ్‌ది 42 పైనే. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి 'వేగం పెరిగింది కాబట్టి మందు పెరిగింది' అనేస్తే తప్పు. 1903లో రోడ్లు మట్టివి, సైకిళ్లు ఇనుప దిమ్మెలు. పైగా ఒక ఏడాది దారిలో కొండలు ఎక్కువ, ఇంకో ఏడాది తక్కువ. సగటు అన్నిటినీ కలిపి పప్పులా ఎనిపేస్తుంది. అందులో ఏ దినుసు ఎంతుందో తెలీదు.

ఇంకో చిక్కు... గాలి. చదును రోడ్డు మీద సైక్లిస్టు శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. గుంపులో దూరితే ఆ శ్రమ తప్పుతుంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది సైక్లిస్టుల గుంపు మీద లెక్కలు వేసింది. గుంపు నడుమ వెనకగా ఉన్నవాడికి తగిలే గాలి నిరోధం, ఒంటరిగా పోయేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమేనట! కాబట్టి చదును మీద వేగం చూస్తే మనిషి బలం తెలీదు, అతను ఎవరి వెనక దాక్కున్నాడో తెలుస్తుంది.

కొండ మీద ఆ దాగుడుమూతలు సాగవు. వేగం తగ్గితే గాలి పోరు తగ్గుతుంది. అక్కడ ఎదురు నిలిచేది ప్రధానంగా బరువు. మన బరువుని మనమే పైకి మోసుకుపోవాలి. అందుకే వాచీ పట్టుకున్నవాళ్లంతా కొండల దగ్గర కాపు వేశారు.

అలిపిరి మెట్లు... ఆల్ప్స్ మలుపులు

ఇది అర్థం కావాలంటే ఆల్ప్స్ దాకా పోనక్కర్లేదు. అలిపిరి చాలు. అక్కణ్నుంచి 3,550 మెట్లెక్కితే తిరుమల. నిలువుగా చూస్తే సుమారు 700 మీటర్ల ఎత్తు. మామూలు మనిషి మోకాళ్ల మిట్ట దగ్గర కాస్త ఆయాసం తీర్చుకుంటూ ఎక్కితే మూడు గంటలు. అంటే గంటకు 230 మీటర్ల ఎత్తు. డెబ్బై కిలోల మనిషి ఆ మూడు గంటలూ సగటున తన బరువుని పైకి లేపడానికి పెట్టే శక్తి 45 వాట్ల లోపే. మన ఇంట్లో 75 వాట్ల సీలింగ్ ఫ్యాను కూడా దాంతో సరిగా తిరగదు!

ఇప్పుడు ఆల్ప్స్‌లోని 'ఆల్ప్ దుయెజ్' కొండ చూడండి. 13.8 కిలోమీటర్ల రోడ్డు, 21 మలుపులు, సుమారు 1,100 మీటర్ల ఎత్తు. వందడుగులు పోతే ఎనిమిది అడుగులు పైకి లేస్తుంది. మన తిరుమల ఘాట్ రోడ్డుకి దాదాపు రెట్టింపు వాలు. 1997లో ఇటలీకి చెందిన మార్కో పంతానీ దాన్ని 37 నిమిషాల 35 సెకన్లలో ఎక్కేశాడు. గంటకు 22 కిలోమీటర్ల వేగం. ఎత్తు లెక్కన గంటకు 1,750 మీటర్లు. మనం మూడు గంటలు ఆయాసపడే ఎత్తుని ఆ లెక్కన 24 నిమిషాల్లో దాటేస్తాడన్నమాట!

వాట్లలోకి మార్చడం కూడా హైస్కూలు భౌతికశాస్త్రమే. మనిషీ సైకిలూ కలిపి 78 కిలోలనుకుంటే, అంత బరువుని అంతసేపట్లో పైకి లేపడానికే 370 వాట్ల పైన కావాలి. గాలికి, టైర్ల రాపిడికి పోయేది అదనం. మొత్తం 400 దాటుతుంది. అయిదు ఫ్యాన్లు ముప్పావుగంటకు దగ్గర దగ్గరగా ఆగకుండా తిరగాలి... ఒక మనిషి కాళ్లతో!

ఫ్రాన్స్‌లో ఒకప్పుడు ఫెస్టినా జట్టుకు శిక్షకుడిగా పనిచేసిన ఆంత్వాన్ వాయే ఈ లెక్కలకు గీతలు గీశాడు. ప్రమాణంగా తీసుకున్న బరువుకి 410 వాట్లు దాటితే 'అనుమానం', 430 దాటితే 'అద్భుతం', 450 దాటితే 'ఇక మనిషి కాదు' అన్నాడు. తమాషా ఏమిటంటే, గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాడన్న కొలతని ప్రచారంలోకి తెచ్చింది మిషెల్ ఫెరారీ అనే ఇటలీ డాక్టరు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు సలహాదారు. 2012లో జీవితకాల నిషేధం పడింది ఆయన మీదే. దొంగా పోలీసూ ఒకే టేపుతో కొలిచారన్నమాట.

1996లో ఒతకామ్ కొండ మీద బ్యార్న రీస్ అందర్నీ వదిలేసి వెళ్లిపోయినప్పుడూ ఈ అంకెలు ప్రశ్నలు వేశాయి. ఆ ఏడాది టూర్ గెలిచిన రీస్, రక్తంలో ఎర్రకణాలు పెంచే ఈపీఓ వాడానని 2007లో తనే విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. పదకొండేళ్లకు! పంతానీ కథ విషాదం. 1998లో టూర్ గెలిచాడు. మరుసటి ఏడాదే... అంటే 1999లో ఇటలీ పందెంలో రక్తపరీక్ష హద్దు దాటిందని పక్కకు తప్పించారు. 2004 ఫిబ్రవరి 14న ఒక హోటల్ గదిలో ఒంటరిగా చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లు. అంకె వెనక మనిషి ఉంటాడని మర్చిపోకూడదని అతని పేరు వచ్చినప్పుడల్లా అనిపిస్తుంది.

మామ నోటు పుస్తకం

ఇదంతా చదువుతుంటే నాకు మా మేనమామ గుర్తొచ్చేవాడు. కాణిపాకం నుంచి చిత్తూరు పోయే దారిలో ఆయనకు అద్దె సైకిళ్ల షాపు ఉండేది. గంటకు రెండు రూపాయలు. ఒక పొడుగు నోటు పుస్తకంలో పేరు, పోయిన టైము, వచ్చిన టైము రాసుకునేవాడు. డబ్బుల కోసం రాసిందే అయినా, ఏళ్ల తరబడి రాయగా ఆయనకు ఆ రోడ్డు మీద ఎవరి సత్తా ఎంతో కంఠతా వచ్చేసింది. చిత్తూరు పోయి రావాలంటే పాతిక కిలోమీటర్లకు దగ్గర. గట్టివాడికి గంటన్నర, పిల్లోళ్లకు రెండు గంటలు.

షాపులో పనిచేసే కుర్రాణ్ని ఒకరోజు చిత్తూరుకు పంపాడు, చెయిన్లూ ట్యూబులూ తెమ్మని. వాడు గంటకల్లా సామాన్లతో తిరిగొచ్చాడు. మామ గడియారం చూశాడు, పుస్తకం చూశాడు. దగ్గర్లో ఎక్కడో నాసిరకం సరుకు కొని మిగతా డబ్బు జేబులో వేసుకున్నాడని ఎవరైనా అనుకుంటారు. షాపులో ఉన్నవాళ్లు ఆ మాట అననే అన్నారు. వాడు ఏడుపు మొహంతో గుడి వైపు చెయ్యి చాచాడు.

"సామి మీద ఒట్టు మామా, చిత్తూరే పోయినా!"

"ఒట్టు వద్దులే రా. ఎట్ల పోయినావో అది చెప్పు."

"పోయేటప్పుడు బెల్లం లారీ వెనక గొలుసు పట్టుకున్నా. వచ్చేటప్పుడు టమోటా బండి దొరికింది..."

ఆ రోజు వాడికి తిట్లు పడ్డాయి. దొంగతనానికి కాదు, లారీ పట్టుకున్నందుకు! ఇది పల్లెటూరి చిలిపితనం అనుకోకండి. 2014లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన విన్సెంజో నిబాలీ, 2015లో స్పెయిన్ పందెంలో సరిగ్గా ఇదే పని చేసి, తన జట్టు కారు పట్టుకుని సాగిపోతూ కెమెరాకు చిక్కాడు. పందెం నుంచే పంపేశారు.

మామ పుస్తకం లేకపోతే ఆ రోజు ప్రశ్నే పుట్టేది కాదు. పుస్తకం ఒక్కదాన్నే నమ్మి ఉంటే ఆ కుర్రాడి మీద జీవితాంతం దొంగ ముద్ర ఉండేది. చిన్న ఊళ్లో ఆ ముద్ర చెరగదు.

ఒకే కొండ... రెండు లెక్కలు

పెద్ద పందేల్లోనూ ఆ ముద్ర ప్రమాదం ఉంది. 2015 జులైలో బ్రిటన్‌కు చెందిన క్రిస్ ఫ్రూమ్, పిరనీస్ కొండల్లోని పియర్ సాన్ మార్తాన్ మీద అందర్నీ వెనక్కి నెట్టేశాడు. ఫ్రాన్స్ టీవీలో ఒక నిపుణుడు లెక్క కట్టి, శరీర బరువులో కిలోకు 7.04 వాట్లు అన్నాడు. మనిషికి సాధ్యం కాదనిపించే అంకె అది. రెండు రోజులకు జట్టు తన సైకిల్ మీటరు లెక్క బయటపెట్టింది. సగటు 414 వాట్లు, సవరణలు పోను కిలోకు 5.78! ఒకే మనిషి, ఒకే కొండ, ఒకే సాయంత్రం. బరువు ఎంతనుకున్నారు, గాలి ఎటు వీచిందనుకున్నారు, మీటరు ఎంత ఎక్కువ చూపిస్తుందనుకున్నారు... వీటిని బట్టి అంకె ఇంత మారిపోతుంది. ఆ టూర్‌లోనే రోడ్డు పక్కన నిలబడ్డ ఒకడు 'డోపర్' అని అరుస్తూ తన మీద మూత్రం పోశాడని ఫ్రూమ్ చెప్పాడు.

మరి లెక్కలు దండగేనా? కాదు. లెక్క ఒక మనిషి గురించి చెప్పలేనిది, ఒక కాలం గురించి చెప్పగలదు. ఆల్ప్ దుయెజ్ మీద 1990ల మధ్య నుంచి పదేళ్ల పాటు మేటి సైక్లిస్టులు 38 నిమిషాలకు అటూఇటూగా ఎక్కారు. 2001లో ఆర్మ్‌స్ట్రాంగ్ 38 నిమిషాల ఒక సెకను. 2004లో 37 నిమిషాల 36 సెకన్లు. 2008లో సైక్లింగ్‌లో కొత్త రక్త పరీక్షల పద్ధతి వచ్చింది. ఆ ఏడాది గెలిచిన కార్లోస్ సాస్త్రే 39 నిమిషాలన్నర తీసుకున్నాడు. 2022 దాకా అక్కడ 39 నిమిషాల లోపు ఎక్కినవాళ్లు లేరు. సైకిళ్లు మెరుగవుతుంటే టైము మాత్రం వెనక్కి పోయింది! ఇందులో ఏ ఒక్కరినీ వేలెత్తి చూపలేం. కానీ ఊరంతటి పంట ఒకేసారి తగ్గితే వాన గురించి అడుగుతాం కదా, అలాగే అడగొచ్చు.

పాత కవచంతో కొలత

ఆ కొత్త పద్ధతి పేరు 'బయలాజికల్ పాస్‌పోర్ట్'. అది చదివినప్పుడు నాకు తట్టింది మా గుడిలోని వెండి కవచం. 1945లో అరగొండ గొల్లపల్లి భక్తురాలు చేయించిన కవచం ఇప్పుడు స్వామికి సరిపోవడం లేదని, స్వామి పెరుగుతున్నాడనడానికి అదే నిదర్శనమని ఆలయంలో చెబుతారు. విశ్వాసం సంగతి విశ్వాసానిదే. నాకు నచ్చింది ఆ పోలికలోని తీరు. కొలిచేది పక్కూరి విగ్రహంతో కాదు, ఒకప్పటి కొలతని దాచి ఉంచి, అదే మూర్తితో.

పాస్‌పోర్ట్ చేసేదీ ఇదే. 1997లో పెట్టిన పాత నిబంధన ప్రకారం రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటకూడదు. అందరికీ ఒకటే గీత. సహజంగా 48 ఉన్నవాడికి ఇబ్బంది, 41 ఉన్నవాడికి మందు కొట్టి 49 దాకా పోయే వెసులుబాటు! కొత్త పద్ధతిలో గీత ఎవరికి వారిదే. ఏడాదిలో ఎన్నోసార్లు రక్తం తీస్తారు. హిమోగ్లోబిన్ ఎంత, అప్పుడే పుట్టిన లేత ఎర్రకణాలు ఎన్ని అని రాసుకుంటారు. బయటి నుంచి రక్తం ఎక్కించుకుంటే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, కానీ 'ఇక చాల్లే' అని ఎముక మజ్జ పని తగ్గిస్తుంది, లేత కణాలు పడిపోతాయి. ఈ రెండూ చెరోవైపు పోతే కంప్యూటరు గంట కొడుతుంది.

గంట కొట్టినంత మాత్రాన శిక్ష పడదు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. 99 శాతం కచ్చితంగా పనిచేసేలా గీత గీసినా, ఏ తప్పూ చేయని వెయ్యి మందిని పరీక్షిస్తే పది మంది ఊరికే దొరికిపోతారు. అందుకని ఆ కాగితాలు పేరు లేకుండా ముగ్గురు నిపుణుల దగ్గరికి పోతాయి. ముగ్గురూ ఒకే మాట మీదకు రావాలి. ఆ తర్వాత సైక్లిస్టుని పిలిచి 'ఏం జరిగిందో చెప్పు' అంటారు. 2009 టూర్‌లో కొండల రాజుగా నిలిచిన ఫ్రాంకో పెల్లిజోటీ చెప్పిన జవాబు ఇటలీలో నెగ్గినా, 2011లో క్రీడా న్యాయస్థానంలో నెగ్గలేదు. రెండేళ్ల నిషేధం పడింది. చెక్ సైక్లిస్టు రోమన్ క్రూజిగర్‌కు వ్యతిరేకంగా పెట్టిన కేసుని మాత్రం 2015 జూన్‌లో, విచారణకు కొద్ది రోజుల ముందు, ఫిర్యాదు చేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. గంట ఇద్దరికీ మోగింది. ఒకరికి శిక్ష, ఒకరికి విముక్తి.

అడగాల్సిన ప్రశ్న

2024 జులై 14న స్లొవేనియా కుర్రాడు తాదెయ్ పొగచార్, ప్లాటో ద బెయ్ కొండని 40 నిమిషాల లోపే ఎక్కాడు. 1998లో పంతానీ అక్కడ పెట్టిన రికార్డు కన్నా మూడు నిమిషాలకు పైగా తక్కువ. వెంటనే రెండు రకాల గొంతులు లేచాయి. 'ఇది మనిషికి సాధ్యం కాదు' అని కొందరు. 'ఒక్క పరీక్షలోనూ తప్పు తేలలేదు కదా, నోరు మూసుకోండి' అని కొందరు.

అతను ఏ డోపింగ్ పరీక్షలోనూ దొరకలేదన్నది నిజం. టైర్లు, గాలిని చీల్చే సైకిళ్లు, గంటకు వంద గ్రాములకు మించి పిండిపదార్థాలు తాగుతూ తొక్కే పద్ధతి ఈ పాతికేళ్లలో చాలా మారాయన్నదీ నిజమే. 'పరీక్షల్లో దొరకలేదు' అన్న మాట ఒకప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా పదేపదే చెప్పాడన్నదీ నిజమే. ఈ మూడిట్లో ఏ ఒక్కదాన్నీ పట్టుకుని మిగతా రెంటినీ వదిలేయలేం.

జులైలో టూర్ జరిగేటప్పుడు మనకు రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో కొండల దశలు ముగుస్తాయి. అన్నం తిని టీవీ ముందు కూర్చునే వేళ. పందెం చివర్లో ఎవరైనా ఒక్కడే విడిపోయి పైకి పోతుంటే నేను చప్పట్లు కొడతాను. పక్కన కాగితం మీద టైము కూడా రాసుకుంటాను. ఈ రెండు పనులకూ పొత్తు కుదరదని స్నేహితులు నవ్వుతారు. నాకు కుదురుతుంది. నిజంగా గెలిచినవాడికి లెక్క అడిగితే నష్టమేమీ లేదు. ఎలా ఎక్కావయ్యా అని అడిగితే చెప్పుకోవడానికి అతని దగ్గర ఏళ్ల కష్టం ఉంటుంది. ఒట్టేయమనడం కన్నా, దొంగా అనడం కన్నా, ఆ ప్రశ్నే మర్యాద.